వెయ్యి మైకు మింగింది

మొన్న శ్రావణంలో ఒక శనివారం రాత్రి పదకొండున్నరకి మా ఇంట్లో నలుగురం కలిసి ఒక రూపాయి బిళ్ళ కోసం వెతికాం. నలుగురంటే నేను, మా ఆవిడ, నాన్న, ఏడో తరగతి చదివే మా పాప. సోఫా దిండ్లు లేపాం, పోపుల డబ్బా అడుగు చూశాం, దేవుడి గూట్లో ముడుపు మూట కూడా తడిమి చూసి, తప్పయిపోయిందని కళ్ళకద్దుకుని మళ్ళీ అక్కడే పెట్టేశాం. కూకట్‌పల్లిలో కొత్తిమీర కట్టకి కూడా ఫోనే చూపించే రోజులాయె, ఇంట్లో చిల్లర ఎందుకుంటుంది? పొద్దున్నే రైలు, రాత్రికి తెనాలిలో పెళ్ళి, కవర్లో పెట్టాల్సింది 1516. మూడు ఐదు వందల నోట్లున్నాయి, పది నోటుంది, పాప కిడ్డీ బ్యాంకు బోర్లించి కుదిపితే ఐదు బిళ్ళ రాలింది. పదహార్లలో ఆ ఆఖరి ఒక్కటీ మాత్రం ఎక్కడా లేదు.

"పదిహేను వందల ఇరవై పెట్టేయండి, ఏమవుతుంది?" అంది మా ఆవిడ నిద్రమత్తులో. నాన్న ఆమె వైపు చూసిన చూపు చూసి, "ఊరికే అన్నాలెండి మావయ్యా" అని మళ్ళీ వెతకడం మొదలుపెట్టింది.

అసలు ఈ 1516 ఎక్కడిదో చెప్పాలి. మా పెళ్ళి 2011లో జరిగింది. ఆ చదివింపుల పుస్తకం, పొడుగ్గా, ఎర్ర అట్టతో ఉండేది, అమ్మ ఇప్పటికీ బీరువాలో పొలం కాగితాల పక్కనే దాచింది. ఎవరింట్లోంచి శుభలేఖ వచ్చినా అమ్మ ముహూర్తం చూడదు, ముందు పుస్తకం తీస్తుంది. అందులో అన్నీ ఉన్నాయి. పాలాయన 116. ఆఫీసు వాళ్ళు అందరూ కలిపి మిక్సీ. పక్కింటివాళ్ళు స్టీలు బిందె, దాని పక్కన బ్రాకెట్లో "చిన్నది". ఆ "చిన్నది" అని రాసిన చేతికి దణ్ణం పెట్టాలనిపిస్తుంది నాకు, ఎందుకంటే ఆ ఒక్క మాటతో పక్కింటివాళ్ళ బతుకంతా చరిత్రలో నిలిచిపోయింది. గోడగడియారాలు ఏడు వచ్చాయి. మేం కాపురం పెట్టిన అద్దె ఇంట్లో మేకు కొట్టనిచ్చిన గోడ ఒక్కటే. మిగతా ఆరు గడియారాలు తర్వాత ఏమయ్యాయో చదివేవాళ్ళకి చెప్పక్కర్లేదు, మీ ఇంటికొచ్చిన గడియారాలు ఎక్కడివో ఒకసారి ఆలోచించుకోండి చాలు.

సరే, తెనాలి పెదనాన్న పేరు ఎదురుగా పుస్తకంలో 516 అని ఉంది. ఇప్పుడు వాళ్ళబ్బాయి పెళ్ళి. 516కి 516 ఇస్తే బాగోదు, 14 ఏళ్ళయింది. మరి ఎంత? దీనికి అమ్మ వాళ్ళ తమ్ముడికి ఫోన్ చేసింది. మావయ్య బ్యాంకులో రిటైరయ్యాడు, వడ్డీ లెక్కలంటే పండగ. "ఎనిమిది శాతం చొప్పున చక్రవడ్డీ వేద్దాం అక్కా, అన్యాయం ఉండదు" అన్నాడు. లైన్లోనే కాలిక్యులేటర్ చప్పుడు వినిపించింది. పద్నాలుగేళ్ళకి 516 కాస్తా 1515 రూపాయల 59 పైసలయింది. మీరూ వేసి చూసుకోండి, నేను అబద్ధం చెప్పడం లేదు. "సర్దితే 1516! చూశావా అక్కా, వడ్డీ లెక్క కూడా పదహార్ల దగ్గరికే వచ్చి ఆగింది" అని ఆయన మురిసిపోయిన మురిపెం ఇంతా అంతా కాదు. దేవుడే లెక్క వేసి పంపినట్టుంది కాబట్టి దానికి తిరుగులేదు, నేను 2000 ఇద్దామన్నా ఎవరూ వినలేదు.

మావయ్య ఫోనెత్తితే ఊరికే పెట్టడు కాబట్టి ఆదాయపన్ను సంగతి కూడా చెప్పాడు. బయటివాళ్ళు ఏడాదిలో మొత్తం యాభై వేలు దాటి కానుకలిస్తే అది మన ఆదాయం కింద లెక్క, పన్ను కట్టాలి. అదే పెళ్ళి సందర్భంగా పెళ్ళికొడుక్కి, పెళ్ళికూతురికి ఎంతొచ్చినా పన్ను లేదు. ఆ మినహాయింపు వాళ్ళిద్దరికే, వాళ్ళ అమ్మానాన్నలకి కాదు. "ప్రభుత్వానికి కూడా పెళ్ళికొడుకంటే జాలిరా" అని ఆయన నవ్వుతుంటే వెనకాల అత్తయ్య గొంతు వినిపించింది, ఆ తర్వాత ఫోన్ కట్టయింది.

ఈ పదహార్లు ఎక్కడివి అన్నదాని మీద మా ఇంట్లో పెళ్ళయిన నాటినుంచీ తగువుంది. మా ఆవిడది హనుమకొండ. వాళ్ళ తాతయ్య చెప్పేవారట, నిజాం కాలంలో హాలీ సిక్కా అని వేరే రూపాయి ఉండేది, బ్రిటిష్ వాళ్ళ రూపాయిని కల్దార్ అనేవాళ్ళు, ఆరు కల్దార్లకి ఏడు హాలీలు లెక్క. అంటే వంద కల్దార్లు ఇవ్వాలంటే హాలీల్లో 116 చిల్లర పడుతుంది. అలా నిజాం రాజ్యంలో వంద ఇవ్వాల్సినవాడు నూట పదహార్లు ఇచ్చేవాడు, ఆ నాణెం 1959లో చెల్లకుండా పోయినా అంకె మాత్రం పెళ్ళిళ్ళలో చెల్లుతూనే ఉంది అని ఆమె వాదన. నా వాదన ఏంటంటే, మరి కృష్ణకి ఇవతల కల్దార్లు తప్ప హాలీ మొహం చూడని మా గుంటూరు జిల్లావాళ్ళెందుకిచ్చారు నూట పదహార్లు? "మమ్మల్ని చూసి నేర్చుకుని ఉంటారు" అంటుంది. ఇంకో మాట, ఆరుకి ఏడు లెక్కన వందకి వచ్చేది 116 మీద ఇంకో మూడింట రెండొంతుల రూపాయి. ఆ పైచిల్లర ఎగ్గొట్టింది మీ వైపు వాళ్ళేగా అన్నాను ఒకసారి. ఆ రోజు పెరుగన్నం నేనే కలుపుకున్నాను.

ఇంక నాన్న చూపు సంగతి. పదహార్ల విషయంలో ఆయనకి హాస్యాలు పనికిరావు, దానికి కారణం ఉంది.

నా చిన్నప్పుడు మా ఊళ్ళో పెళ్ళిళ్ళకి కవర్లు లేవు. పందిట్లో బల్ల వేసి ఒకాయన పుస్తకంలో రాస్తుంటే పక్కన ఇంకొకాయన మైకులో చదివేవాడు. చదివింపులు అన్న మాటే అందుకు. "ఫలానావారు, ఫలానా ఊరు, చదివించింది నూట పదహార్లూ" అని ఆ చివరి అక్షరాన్ని సాగదీసి ఊరి చివర చెరువు దాకా వినిపించేవాడు. ఎవరెంత ఇచ్చారో ఊరందరికీ తెలిసిపోయేది. ఎక్కువ ఇచ్చినవాడు, "సరిగ్గా వినపళ్ళేదు, ఇంకోసారి చదవండి" అనేవాడు. తక్కువ ఇచ్చినవాడు సరిగ్గా మంగళవాయిద్యాలు గట్టిగా మోగే టైము చూసుకుని బల్ల దగ్గరికి వెళ్ళేవాడు. మా బంధువుల్లో ఒకాయన ఈ విద్యలో ఆరితేరినవాడు, మాంగల్యధారణప్పుడు అందరూ అక్షింతలు వేస్తుంటే ఈయన చదివించొచ్చేవాడు.

అమ్మ తరఫు దగ్గరి చుట్టం పెళ్ళి, నాన్న ఆ నెల జీతంలోంచి వెయ్యిన్నూట పదహార్లు పక్కన పెట్టారు. అప్పట్లో అది పెద్ద మొత్తం, నెల సరుకులు రెండుసార్లు తెచ్చుకోవచ్చు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, నన్ను చెయ్యి పట్టుకుని బల్ల దగ్గరికి తీసుకెళ్ళి, డబ్బు లెక్కపెట్టి ఇచ్చి, చదవబోయేది వినడానికి కొంచెం పక్కకి జరిగి నిలబడ్డారు. మైకాయన గొంతు సవరించుకున్నాడు. నాన్న పేరు చదివాడు, ఊరు చదివాడు, "చదివించిందీ" అన్నాడు. అప్పుడు మైకు కుయ్యిమంది. ఆ కూత ఆగేసరికి పందిరంతా విన్నది ఒక్కటే, "...నూట పదహార్లూ".

మా నాన్న పెద్దగా మాట్లాడే మనిషి కాదు. ఆ రోజు మాత్రం పందిరి మధ్యలోకి వెళ్ళి "వెయ్యి! వెయ్యి ఉంది ముందు!" అని అరిచారు. ఏదో వేలంపాట అనుకుని అటువైపు కూర్చున్న ఒక ముసలాయన తలెత్తి "దేనికి?" అని అడిగాడట. మైకాయన మళ్ళీ చదువుతానన్నాడు గానీ ఈలోపు కరెంటు పోయింది. ఇంటికొచ్చేదాకా అమ్మ ఏం మాట్లాడలేదు, గడప దాటాక మాత్రం, "పోనీండి, వెయ్యి మైకు మింగింది" అంది. అప్పట్నుంచీ మా ఇంట్లో అది సామెతయిపోయింది. ఇంక్రిమెంటు వచ్చిన నెలలోనే అద్దె పెరిగితే వెయ్యి మైకు మింగింది. పాపకి పరీక్షలో మార్కులు కూడికలో పోతే వెయ్యి మైకు మింగింది.

కవర్లు వచ్చాక ఈ గొడవలన్నీ పోయాయనుకున్నాం. రూపాయి బిళ్ళ అంటించిన కవరు, లోపల మడత పెట్టిన నోట్లు, పైన పేరు, అందరి పరువూ మూతపడి ఉంటుంది. కానీ కవరుకి దాని కష్టాలు దానికున్నాయి. నాలుగేళ్ళ క్రితం మా పాత అపార్ట్‌మెంటులో పెద్దాయన కూతురి పెళ్ళికి వెళ్ళాం. పెళ్ళికూతురి చేతిలో కవరు పెట్టి, ఫొటోకి నవ్వి, గుత్తివంకాయ రెండోసారి వేయించుకుని తిని, ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూ మా ఆవిడ అడిగింది, "ఇంతకీ ఎంత పెట్టారు?" నేనన్నాను, "నువ్వు పెట్టలేదూ?"

ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. నా పేరు, మా ఆవిడ పేరు, ఇంటిపేరు, ఫ్లాట్ నంబరు, "నూతన వధూవరులకు శుభాకాంక్షలతో" అన్న మాట, ఇన్ని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసిన కవర్లో మేం ఇచ్చి వచ్చింది, కవరు కంపెనీవాడు అంటించిన ఆ రూపాయి ఒక్కటే.

ఇప్పుడేం చెయ్యాలి? ఫోన్ చేసి "కవరు తెరిచారా అండీ?" అని అడగలేం. తెరవకపోతే, ఎందుకడిగాడా అని తెరుస్తారు. మర్నాడు సత్యనారాయణ వ్రతానికి వెళ్ళి ఇంకో కవరు ఇద్దామా అంటే, నిన్న ఇచ్చాడుగా మళ్ళీ ఎందుకు, ఏదైనా పని కావాలేమో అనుకుంటారు. ఆ ఆలోచనల్లోనే వారం గడిచింది, వారం గడిచాక ఇంక ఇవ్వడానికి ముహూర్తం ఉండదు. ఏడాది తర్వాత మేం ఈ ఫ్లాటు కొనుక్కుని గృహప్రవేశం చేస్తే ఆయన సకుటుంబంగా వచ్చి, మనసారా దీవించి, కవరు ఇచ్చారు. అందరూ వెళ్ళాక మొదట తెరిచింది దాన్నే. 1116 ఉన్నాయి. అది పెద్దమనసో చెంపదెబ్బో ఈ రోజుకీ మాకు తేలలేదు. ఆయన మా ఇంటి ముందు నుంచి వాకింగుకి వెళ్ళేటప్పుడు నవ్వే నవ్వులో కూడా ఏమీ దొరకదు.

నోట్ల రద్దు నాటి పెళ్ళిళ్ళు గుర్తున్నాయా? 2016 నవంబరు 8 రాత్రి ఐదు వందలు, వెయ్యి నోట్లు చెల్లవన్నారు. ఆ నెల్లోనే హనుమకొండలో మా ఆవిడ పిన్ని కూతురి పెళ్ళి. జన్మలో నూట పదహార్లు దాటనివాళ్ళు కూడా ఆ రోజు కవర్లు లావుగా తెచ్చి, "మన పిల్ల కదా" అని కళ్ళనీళ్ళు పెట్టుకుని మరీ ఇచ్చారు. తెరిస్తే అన్నీ పాత ఐదు వందలే. కొత్త అల్లుడు పదహారు రోజుల పండగ బ్యాంకు క్యూలోనే చేసుకున్నాడు, డిసెంబరు 30 దాకానే గడువాయె. నిజాయితీపరుడు ఒక్కడొచ్చాడు ఆ పెళ్ళికి, కొత్త గులాబీరంగు రెండు వేల నోటు తెచ్చాడు. పాపం ఆయన ఇవ్వాలనుకున్నది ఐదు వందలు. మిగతా పదిహేను వందల చిల్లర కోసం బల్ల దగ్గరే నిలబడ్డాడు. ఆ నెలలో రెండు వేలకి చిల్లర అంటే అమృతం అడిగినట్టే. ఆయన భోజనం చేశాడు, మళ్ళీ వచ్చి నిలబడ్డాడు, అప్పగింతలప్పుడు కూడా అక్కడే ఉన్నాడు, ఫొటోల్లో వెనకాల కనిపిస్తాడు.

మళ్ళీ తెనాలికి వద్దాం. ఆ రాత్రి చివరికి రూపాయి దొరికింది, పాత ఖాళీ కవరొకటి అల్మైరాలో ఉంటే దాని మీద బిళ్ళని వేణ్ణీళ్ళు పెట్టి ఊడదీశాడు నాన్న. 1516 లెక్కపెట్టి, ఖాళీ కవరు దెబ్బ తిన్నవాళ్ళం కాబట్టి ముగ్గురం మూడుసార్లు తడిమి చూసుకుని, అంటించి, మర్చిపోకూడదని ఫ్రిజ్ మీద పెట్టాం. రైలు నల్గొండ దాటాక మా ఆవిడ అడిగింది, "కవరు మీ బ్యాగులో పెట్టారుగా?"

సరే, ఫోనుందిగా అనుకున్నాం. అమ్మ రెండు రోజుల ముందే వెళ్ళింది, ఆమెకి ఫోన్ చేస్తే, "ఫర్వాలేదురా, ఇక్కడ స్కానర్ పెట్టారు" అంది. మంచిదేగా అనుకున్నాను. అయితే అమ్మ చెప్పనిదేంటంటే, పెళ్ళికొడుకు మేనమామకి పచారీ కొట్టుంది. విడిగా స్కానర్ ఎందుకని ఆయన కొట్లో ఉన్నదే తెచ్చి బల్ల మీద పెట్టాడు. స్కానరుతో పాటు, డబ్బు పడగానే గట్టిగా అరిచే ఆ చిన్న డబ్బా కూడా తెచ్చాడు.

మేం కళ్యాణమండపం గుమ్మంలో పన్నీరు చల్లించుకుంటుండగానే వినిపించింది, "ఐదు వందల పదహారు రూపాయలు అందాయి" అని ఆడగొంతు, స్పష్టమైన తెలుగు, ఒక్క అక్షరం మింగకుండా. నాన్న ఠక్కున ఆగిపోయారు. ముప్పై ఏళ్ళ తర్వాత మైకు తిరిగొచ్చింది! ఈ మైకు పేరు చదవదు, ఊరు చదవదు, అంకె మాత్రం చదువుతుంది, అదేగా జనానికి కావల్సింది. బల్ల పక్కన కుర్చీల్లో పెద్దవాళ్ళు ఓ పదిమంది స్థిరపడిపోయి, డబ్బా అరిచినప్పుడల్లా ఎవరు ఫోను జేబులో పెట్టుకుంటున్నారా అని తలలు తిప్పి చూస్తున్నారు.

నా వంతు వచ్చింది. వెనకాల లైను, పక్కన నాన్న, ఎదురుగా పుస్తకం పట్టుకుని ఇంటర్ చదివే కుర్రాడు, చేతిలో ఫోన్లో సిగ్నల్ ఒక్క గీత. స్కాన్ చేశాను, అంకె కొట్టాను, పిన్ కొట్టాను. చక్రం తిరిగింది. తిరుగుతూనే ఉంది. పెద్దవాళ్ళు తలలు తిప్పి రెడీగా ఉన్నారు. అప్పుడు డబ్బా పలికింది.

"ఐదు వందల పదహారు రూపాయలు అందాయి."

ముందు ఒకటి నొక్కుకోలేదు. 2011లో పెదనాన్న ఇచ్చిన అసలు, అణా పైసలతో సహా, వడ్డీ లేకుండా, నలుగురూ వింటుండగా చెల్లు పెట్టేశాను. కుర్చీల్లో ఒకావిడ పక్కావిడతో "హైదరాబాదు సాఫ్ట్‌వేరట" అనడం నాకు వినబడింది. నాన్న వైపు చూడలేదు. చూడక్కర్లేదు, భుజాలు కదులుతున్నాయి, అది ఏడుపో నవ్వో తెలియలేదు. "ఒరేయ్," అన్నారు కాసేపటికి, "ఈసారి కూడా మైకేనా, లేక నువ్వే మింగావా?"

"ఉండండి, ఇంకో వెయ్యి ఉంది" అన్నాను అందరికీ వినబడేలా. వణికే వేళ్ళతో మళ్ళీ స్కాన్ చేసి వెయ్యి కొట్టాను. మళ్ళీ చక్రం. వెనకాల లైను నసగడం మొదలైంది. "కొంచెం పక్కకి జరగండి అన్నా, నెట్ వస్తే అదే పడుద్ది" అన్నాడు కుర్రాడు. జరిగాను. నా వెనకున్నాయన, గళ్ళచొక్కా, భుజం మీద కండువా, ముందుకొచ్చి ఫోను స్కానర్ మీద పెట్టాడో లేదో డబ్బా మోగింది.

"వెయ్యి రూపాయలు అందాయి."

పెద్దవాళ్ళందరూ ఆయన వైపు గౌరవంగా చూశారు. కుర్రాడు "పేరు చెప్పండి" అన్నాడు. ఆయన ఒక్క క్షణం తన ఫోన్ వైపు చూసుకున్నాడు, ఒక్క క్షణం డబ్బా వైపు చూశాడు, పేరు చెప్పాడు, ఫోను జేబులో పెట్టుకుని, తాంబూలం సంచీ అందుకుని, హుందాగా భోజనాల వైపు వెళ్ళిపోయాడు. నేను నోరు తెరిచేలోపు కుర్రాడు ఇంకో ఇద్దరి పేర్లు రాసేశాడు. చెరిపి రాయించొచ్చు, కానీ పెళ్ళిలో, పెదనాన్న ఎదురుగా వస్తుంటే, "ఆ వెయ్యి నాది" అని అరవడం మా వంశంలో ఒకసారి జరిగింది చాలు.

తిరుగు రైల్లో అందరూ నిద్రపోయారనుకున్నాను. మా ఆవిడ చీకట్లోంచి అడిగింది, "ఆ గళ్ళచొక్కాయన పేరు రాసుకున్నారా?"

"లేదు, ఎందుకు?"

"అత్తయ్యగారితో చెప్పి కనుక్కోండి. మన పాప ఓణీల ఫంక్షన్‌కి మొట్టమొదటి కార్డు ఆయనకే ఇవ్వాలి."